సన్నాయి ఊదే బొమ్మ చిటికెనవేలు

శ్రోతలకు నమస్కారం. ఇక్కడ చెన్నైలో, పశ్చిమ మాంబళంలోని మా అక్కగారింట్లో ఏటా నవరాత్రులకు ఏడు మెట్ల బొమ్మల కొలువు పెడతారు. పేరంటానికి వచ్చినవారు గుమ్మంలో ఉండగానే ‘అబ్బ, పెళ్లి ఊరేగింపు ఎంత బాగుందో’ అంటారు. ఆటిజం ఉన్న మా అక్క కొడుకు, పదేళ్లవాడు, కిందటి కొలువులో నాలుగో మెట్టు ముందు ఆగి, ‘పిన్నీ, సన్నాయి ఊదే ఆయనకు ఈసారి చిటికెనవేలు లేదు’ అన్నాడు. చూస్తే నిజమే, అటక మీది నుంచి దించేటప్పుడు విరిగినట్టుంది, మాకెవరికీ తెలియలేదు. అది పెళ్లి ఊరేగింపని వాడికి తెలియక కాదు, అడిగితే చెప్పాడు. వాడి కన్ను ముందుగా వాలింది వేలి మీద.

మొత్తం ముందా, ముక్క ముందా అన్న ఈ ప్రశ్న పాతదే. 1943లో లియో కానర్ అనే వైద్యుడు, తాను చూసిన, ఆటిజం ఉన్న 11 మంది పిల్లలు భాగాలను పూర్తిగా పట్టించుకోనిదే మొత్తాన్ని గ్రహించలేకపోతున్నారని రాశారు. 1983లో అమితా షా, ఊటా ఫ్రిత్ అనే పరిశోధకులు ఒక బొమ్మలో కలిసిపోయిన చిన్న ఆకారాన్ని వెతికి పట్టుకోమన్నప్పుడు, ఆటిజం ఉన్న పిల్లలే మిగతావారిని మించిపోయారు. విడి విషయాలను ఒక అర్థం కిందికి చేర్చే శక్తి వీరిలో బలహీనమని ఫ్రిత్ 1989లో ప్రతిపాదించి, తరువాత దానిని లోపమనడం మాని, ఒక మొగ్గు అన్నారు. మాంట్రియల్‌లోని లోరాన్ మోట్రాన్ బృందమైతే, మొత్తాన్ని చూసే శక్తి తగ్గలేదు, ముక్కను చూసే చూపే పదునెక్కిందని వాదించింది. వేలి సంగతి కళ్లారా చూసినదాన్ని కనుక నాకు ఇదే సబబనిపిస్తుంది.

2015లో వెలువడిన మరో పరిశోధనలో ఆటిజం ఉన్న పెద్దలకు 700 చిత్రాలు చూపి కంటి కదలికలను కొలిచారు. వారి చూపు ముఖాల వైపు తక్కువగా వెళ్లి, చిత్రం నడిమికీ, రంగూ వెలుగూ గట్టిగా మారే చోట్లకూ ఎక్కువగా వెళ్లింది.

వేలి సంగతి చెప్పిన మరునాడు మేము వంటింట్లో ఉండగా మా అక్క కొడుకు కొలువును తిరిగి సర్దాడు. ఆకుపచ్చ పీట ఉన్న బొమ్మలన్నీ ఒక మెట్టు మీదికి, ఎర్ర పీటవి ఇంకొక మెట్టు మీదికి చేరాయి; మేళగాళ్లు రెండుగా చీలిపోయారు, పెళ్లికూతురి పక్కకు కొట్టు చెట్టియారు వచ్చి కూర్చున్నాడు. పేరంటాళ్లకు అది గందరగోళం. పీటల వరసలో మాత్రం ఒక్క తప్పూ లేదు.

ఈ చూపే మాంబళం స్టేషను పక్కన అంగళ్లతో కిక్కిరిసే రంగనాథన్ వీధిలో వాడిని అలసగొడుతుంది. మనం ‘జనం’ అని ఒక్క మాటలో సర్దేసుకునేది వాడికి సంచీ సంచీగా, బోర్డు బోర్డుగా వచ్చి మీద పడుతుంది. అందుకే అక్క ఇప్పుడు స్టేషను మెట్లు దిగకముందే, ‘ముందు ఎర్ర బోర్డు, తరువాత పూలబుట్టలు, అక్కడ మలుపు తిరుగుదాం నాన్నా’ అని వరస చెబుతుంది. సన్నాయి ఆయన వేలు మాత్రం ఇంకా అతికించలేదు. వాడు అడుగుతూనే ఉన్నాడు.