ఆ గుండును అక్కడ ఎవరు పెట్టారు?

[తెర మీద: ఖాజాగూడ గుట్ట, పొద్దున్నే. గుండు మీద గుండు.]

ఈ పై గుండు చూడండి. కింద ఆనిన చోటు జానెడు కూడా లేదు. తోస్తే దొర్లిపోయేలా ఉంది కదా? దొర్లదు. మీకంటే ముందు చాలామంది తోసి చూసుంటారు.

హైదరాబాద్‌లో ఉంటూ వీటిని రోజూ చూస్తాం. ఇలా ఎలా నిలబడ్డాయని మాత్రం అడగం. భీముడు పేర్చాడంటే సరే అనుకుంటాం.

అడిగినవాళ్లూ ఉన్నారు. ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అనే సంఘం 1996లో ఇక్కడే మొదలైంది. ఈ గుట్టల్లోకి జనాన్ని నడిపించుకెళ్లి, బండలు చూపించి, వాటి కథ చెబుతారు. రాక్ వాక్ అంటారు. సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసిన చరిత్రకారుడు, మాజీ ఐఏఎస్ అధికారి నరేంద్ర లూథర్ బంజారాహిల్స్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు స్థలంలో ఉన్న బండను పగలగొట్టించలేదు. దాన్ని కలుపుకునే ఇల్లు కట్టించారు. మనమైతే ముందు బ్లాస్టింగ్ వాడికి ఫోన్ చేస్తాం!

[క్లోజప్: రాతి మీద చెయ్యి]

ఇది గ్రానైట్. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమిలో చాలా లోతున, కరిగిన రాయి నిదానంగా చల్లారితే ఇలా అయింది. నిదానంగా చల్లారింది కాబట్టే పలుకులు కంటికి కనిపించేంత పెరిగాయి. గులాబీ రంగులో ఉన్నది ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసేది పలుగురాయి, నల్ల చుక్కలు ఎక్కువగా అభ్రకం.

[బొమ్మ: గళ్లుగళ్లుగా పగిలిన బండ]

పైనున్న పొరలు అరిగిపోతూ బరువు తగ్గేకొద్దీ లోపలి రాయికి నిలువుగా, అడ్డంగా పగుళ్లొచ్చాయి. మైసూర్‌పాక్ కోసినట్టు. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగాయి. నీళ్లు తగిలితే ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమన్నుగా మారుతుంది. ముక్క మూలకు మూడు వైపుల నుంచి దెబ్బ, అంచుకు రెండు వైపుల నుంచి, మధ్య భాగానికి ఒక్క వైపు నుంచే. అందుకే ముందు మూలలు పోతాయి. సబ్బుబిళ్ల అరిగినట్టు ముక్క గుండ్రంగా తేలుతుంది. చుట్టూ మిగిలిన పొడే మనం మొరం అనేది.

తర్వాత వానలకు ఆ మొరం కొట్టుకుపోయింది, గుండు బయటపడింది. అంటే ఇది ఎక్కడి నుంచో దొర్లి రాలేదు. ఉన్నచోటే ఉంది, చుట్టూ మట్టే వెళ్లిపోయింది. పైదీ కిందిదీ ఒకప్పుడు ఒకే బండ.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లోని పుట్టగొడుగు బండ, అదే మష్రూమ్ రాక్ దగ్గర నిలబడితే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. వెళ్తే నీళ్లు, జారని బూట్లు తీసుకెళ్లండి. ఎండాకాలం పొద్దున తొందరగా వెళ్లండి, బండ పెనంలా కాలుతుంది. సుత్తి వద్దు.

[తెర మీద: అపార్ట్‌మెంట్ సెల్లార్ కోసం తవ్విన గొయ్యి]

గుట్ట దాకా వెళ్లే తీరిక లేదా? మీ వీధిలో సెల్లార్ తవ్వుతుంటే రోడ్డు మీదే నిలబడి ఆ గొయ్యి గోడ వైపు చూడండి. ఎర్రటి మొరంలో అక్కడక్కడా గుండ్రటి రాళ్లు కనిపిస్తాయి, చుట్టూ ఉల్లిపొరల్లా పొరలు. ఇంకా బయటపడని గుండ్లు అవి. జేసీబీ వచ్చేలోపు ఫోటో తీసుకోండి.