నాళం తెరుచుకుంది, మరి మనిషి కోలుకున్నాడా?

[తెర మీద: మెదడు రక్తనాళాల బొమ్మ. ఒక ధమనిలో గడ్డ అడ్డుపడి ఉంటుంది. దాని అవతలి భాగం మెల్లగా పాలిపోతుంది.]

నమస్కారం. మెదడుకు వెళ్లే రక్తనాళం మూసుకుపోయింది. ఏం చెయ్యాలి? ఎవరినడిగినా ఒకటే జవాబు: తెరవాలి, కుదరకపోతే పక్కదారి వెయ్యాలి. వినడానికి ఇందులో తిరుగేముంది అనిపిస్తుంది. ఆ జవాబు ఎవరికి, ఎప్పుడు పనిచేస్తుందో తేల్చడానికి మాత్రం డాక్టర్లకు దశాబ్దాలు పట్టింది.

ముందు పక్కదారి సంగతి. కణత మీద వేలు పెడితే ఒక ధమని కొట్టుకోవడం తెలుస్తుంది. పుర్రెలో చిన్న కిటికీ తెరిచి, ఆ ధమనిని లోపలికి మళ్లించి మెదడు ధమనికి కుట్టేస్తారు. ఇదీ బైపాస్. 1967లో జ్యూరిక్‌లో యాసర్గిల్ అనే సర్జన్ మైక్రోస్కోప్ కింద దీన్ని చేసి చూపించాడు. వెంట్రుకకన్నా సన్నని దారంతో చేసే పని అది. చాలా దేశాల సర్జన్లు నేర్చుకున్నారు, చేశారు. రోగులకు మేలు జరుగుతోందనే నమ్మారు.

[తెర మీద: 1,377 చుక్కలు. ఒక్కొక్కటీ ఎడమకో కుడికో జారి రెండు గుంపులవుతాయి.]

ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. 1,377 మంది రోగులు. కొందరికి మందులు మాత్రమే, మిగతావారికి మందులతో పాటు బైపాస్. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలన్నది డాక్టర్ చేతిలో ఉండదు, చీటీ తీసినట్టు తేలుతుంది. ఎందుకింత పట్టుదల? సర్జన్ తనే ఎంచుకుంటే, తెలిసో తెలియకో, ఆపరేషన్‌ను తట్టుకోగల గట్టి మనిషినే ఎంచుకుంటాడు. ఆ మనిషి ఎలాగూ కోలుకునేవాడే అయినా, పేరు మాత్రం ఆపరేషన్‌కి వస్తుంది.

1985లో ఫలితాలు వచ్చాయి. వేసిన పక్కదారుల్లో 96 శాతం చక్కగా తెరుచుకునే ఉన్నాయి. పనితనంలో లోపం లేదు. అయినా స్ట్రోకులు, అంటే మెదడుకు రక్తం అందక వచ్చే పక్షవాతాలు, తగ్గలేదు! పైగా ఆపరేషన్ చేయించుకున్నవారిలోనే ఎక్కువగా, ముందుగా వచ్చాయి. (మెదడు ధమనులు మెల్లగా సన్నబడిపోయే మోయామోయా లాంటి కొన్ని జబ్బుల్లో బైపాస్ ఇప్పటికీ చేస్తున్నారు. అది వేరే లెక్క.)

స్కాన్‌లో నాళం తెరుచుకుని కనిపించడం ఒకటి, మంచం మీది మనిషి లేచి నడవడం మరొకటి. అందుకే స్ట్రోక్ పరిశోధనలో ఇప్పుడు ఎక్కువగా వాడే కొలమానం రాంకిన్ స్కేల్. 0 అంటే ఏ లక్షణమూ లేదు. 6 అంటే మరణం. 2 దాకా ఉంటే తన పనులు తాను చేసుకోగలడు. 3కి జారితే ఏదో ఒక సాయం కావాలి. సాధారణంగా 90 రోజుల తర్వాత చూస్తారు. లెక్క వేసే వ్యక్తికి, వీలైనంతవరకూ, రోగికి ఏ చికిత్స జరిగిందో తెలియనివ్వరు. మొత్తం పరిశోధనలో నాకు బాగా నచ్చే నియమం ఇదే.

[తెర మీద: గజ్జ దగ్గర ధమనిలోంచి సన్నని గొట్టం మెదడు దాకా వెళ్తుంది. చివర ఉన్న వల గడ్డను పట్టుకుని వెనక్కి లాగుతుంది.]

ఇక తెరవడం సంగతి. కాథెటర్ అనే సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగే థ్రాంబెక్టమీ. 2013లో దీని మీద మూడు ట్రయల్స్, అంటే రోగులను గుంపులు చేసి పోల్చే పరీక్షలు, ఫలితాలు ఒకేసారి ఇచ్చాయి. మూడింటిదీ ఒకే మాట: మందులతో చేసే మామూలు చికిత్సకన్నా మేలేమీ కనిపించలేదు. బైపాస్ కథే మళ్లీ జరిగిందనుకున్నవాళ్లు ఉన్నారు.

అయితే లోపలికి వెళ్లి చూస్తే సంగతి వేరు. వాటిలో పెద్దదైన ఐఎమ్ఎస్-3లో 656 మంది. పెద్ద నాళం నిజంగా మూసుకుందో లేదో యాంజియోగ్రామ్‌లో, అంటే రక్తనాళాల చిత్రంలో, చూశాకే చేర్చుకోవాలన్న షరతు మొదట్లో లేదు. లాగాల్సిన గడ్డే లేని మనిషికి గడ్డ లాగే చికిత్స ఏం చేస్తుంది? వాడిన పరికరాలు కూడా ఎక్కువగా పాత తరానివే. ఆ ట్రయల్స్ అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నకే జవాబిచ్చాయి.

నెదర్లాండ్స్‌లో 16 ఆసుపత్రులు కలిసి ప్రశ్నను మార్చి అడిగాయి. మిస్టర్ క్లీన్ అనే ఆ ట్రయల్‌లో 500 మంది. అందరికీ స్కాన్‌లో అడ్డు కనిపించాలి, లక్షణాలు మొదలైన 6 గంటల్లోపు చికిత్స మొదలవ్వాలి. ఎక్కువమందికి గడ్డను వలలా పట్టి లాగే కొత్త తరం పరికరాలు, స్టెంట్ రిట్రీవర్లు, వాడారు. 2015లో అచ్చయిన ఫలితం: తన పనులు తాను చేసుకోగలిగినవారు మామూలు చికిత్సలో 19.1 శాతం, థ్రాంబెక్టమీ తోడైతే 32.6 శాతం. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే ఏడాది మరో నాలుగు ట్రయల్స్ దీన్ని బలపరిచాయి.

[తెర మీద: ఉదయం. మంచం అంచున కూర్చున్న మనిషి, కుడి చెయ్యి పైకి లేవడం లేదు.]

రాత్రి బాగానే పడుకుని, పొద్దున లేచేసరికి చెయ్యి పడిపోయినవారి మాటేమిటి? స్ట్రోక్ ఎప్పుడు మొదలైందో తెలియదు కాబట్టి, చివరిసారి బాగున్న సమయం నుంచే లెక్కేస్తారు. అలా 6 గంటల గడువు వీళ్లకు ఎప్పుడో దాటిపోయేది. డాన్ అనే ట్రయల్ గడియారంతో పాటు మెదడునూ చూసింది. లక్షణాలు తీవ్రంగా ఉన్నా, చచ్చిపోయిన భాగం ఇంకా చిన్నదిగానే ఉన్నవారిని 6 నుంచి 24 గంటల మధ్య కూడా తీసుకుంది. 206 మందిలో, 90 రోజులకు తమ పనులు తాము చేసుకోగలిగినవారు థ్రాంబెక్టమీ గుంపులో 49 శాతం, మామూలు చికిత్సలో 13 శాతం.

అందుకే ఇలాంటి మనిషిని తీసుకెళ్లగానే డాక్టర్ అడుగుతారు: "చివరిసారి మామూలుగా ఉండగా ఎన్నింటికి చూశారు?" లక్షణాలు గమనించిన సమయం ఒక్కటే చెప్పి ఊరుకోకండి. చివరిసారి బాగున్న సమయం చెప్పండి.