"మీకెందుకండీ శ్రమ?"

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు ఇప్పటికే చదివారు కాబట్టి నేను మళ్లీ చదవను. వయసుతో పాటు మన నైపుణ్యాలు ఎలా మారతాయో చెప్పమన్నారు. చెబుతాను, కానీ నాకొక పాత కోపం ఉంది. అది మధ్యలో దూరుతుంది, ముందే చెబుతున్నా.

మొదట చేదుమాట. వేగం తగ్గుతుంది. కొత్త చిక్కును అప్పటికప్పుడు విప్పే శక్తి యౌవనం దాటాక మెల్లగా దిగుతుంది. రేమండ్ కాటెల్ అనే మనస్తత్వవేత్త దీన్ని ఒక రకం తెలివి అన్నాడు. చదువుతో, అనుభవంతో పోగయ్యేదాన్ని వేరే రకంగా లెక్కగట్టాడు. పదసంపదలాంటి ఆ రెండోది చాలా ఏళ్లు పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి "అరవైలోనూ ఇరవైలాగే ఉన్నా" అని జబ్బలు చరుచుకునేవాళ్లతో నాకు పేచీయే.

అయితే తగ్గినదాన్ని మనిషి ఎలా సర్దుకుంటాడో చూడండి. 1984లో తిమోతీ సాల్ట్‌హౌస్ టైపిస్టులను పరీక్షించాడు. పెద్దవాళ్ల వేళ్లు నెమ్మదించాయి, టైపింగ్ వేగం మాత్రం తగ్గలేదు. ఎలాగంటారా? కొడుతున్న అక్షరం కంటే బాగా ముందుకు చూపు పోనిచ్చి చదువుకుంటున్నారు. ముందున్న పాఠం కనబడకుండా చేస్తే అప్పుడు వెనకబడ్డారు.

ఇదిగో, కోపం వచ్చేసింది. నేను పనిచేసిన ఆఫీసులో ఒకావిడ ఉండేవారు. లెక్కల్లో తప్పు ఏ వరుసలో దాక్కుందో కాగితం చూస్తూనే పట్టేసేవారు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ట్రైనింగ్ జాబితాలో ఆవిడ పేరు లేదు. అడిగితే అధికారి ఎంతో ప్రేమగా, "మీకెందుకండీ ఈ వయసులో శ్రమ? కుర్రాళ్లు చూసుకుంటారు" అన్నాడు. లెక్కలు తీసేసి తపాలా రిజిస్టరు ఇచ్చారు. కొన్నాళ్లకు ఏదో కూడిక దగ్గర ఆవిడ తడబడితే, అదే అధికారి "చూశారా, వయసు!" అన్నాడు. వయసా? తిట్టి ఉంటే ఆవిడ తిరగబడేది. ప్రేమగా అన్నాడు కాబట్టి నోరు పెగల్లేదు.

సరే, విషయానికి వస్తాను. 2025లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. హనుషెక్, వోస్‌మన్ బృందం చేసింది. జర్మనీలో వయోజనులకు చదవడంలో, లెక్కల్లో పరీక్ష పెట్టి, 3.5 ఏళ్ల తర్వాత ఆ మనుషులకే మళ్లీ పెట్టారు. ఆ మనుషులకే! ఇక్కడే ఉంది కిటుకు. ఈనాటి కుర్రాడి పక్కన ఈనాటి ముసలాయన్ను నిలబెట్టి కొలిస్తే వయసుతో పాటు ఇద్దరి కాలాల చదువుల్లోని తేడా కూడా కొలతలో కలిసిపోతుంది. 1956లో వార్నర్ షాయీ సియాటిల్‌లో మొదలుపెట్టిన అధ్యయనం ఈ సంగతి ఎప్పుడో బయటపెట్టింది. జర్మనీలో తేలిందేమిటంటే, సగటున నలభైల దాకా నైపుణ్యం పెరిగింది. తర్వాత చదవడంలో కాస్త, లెక్కల్లో ఎక్కువగా తగ్గింది. ఆఫీసులోనో ఇంట్లోనో ఆ నైపుణ్యాలను సగటు కంటే ఎక్కువగా వాడేవాళ్లలో ఆ తగ్గుదల కనబడలేదు.

వాడకం వల్లే నిలిచిందా, నిలిచినవాళ్లే వాడుతున్నారా అని వెనక వరుసలోంచి ఎవరో అడగబోతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క పరిశోధనతో అది పూర్తిగా తెగదు. కానీ ఆవిడ చేతిలోంచి పని లాక్కున్నది మాత్రం వయసు కాదు కదా!

ఒక్కసారి చేతులెత్తండి. ఫోన్‌లో ఏదో నొక్కడానికి తడబడుతుంటే, "ఇటివ్వండి, నేను చేసేస్తా" అని ఎవరైనా లాక్కున్నవాళ్లు ఎందరు? అబ్బో! ఇక లాక్కున్నవాళ్లు ఎత్తండి. ఎవరూ లేరా? భలే.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. ట్రైనింగ్ జాబితాలు తయారుచేసే అధికారులు ఈ సభలో ఉన్నారని విన్నాను. ఆ జాబితాలో వయసు కాలమ్ ఎందుకు పెడతారో ఎవరైనా లేచి చెప్పండి. మైకు అటు పంపిస్తున్నాను.