లెనకాపవిర్: సున్నా వెనక ఉన్న లెక్క

శ్రోతలకు నమస్కారం. హెచ్‌ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా వేసే లెనకాపవిర్ ఇంజెక్షన్ గురించి ఈ మధ్య మీరు వినే ఉంటారు. వైరస్ జన్యుపదార్థాన్ని కాపాడే కాప్సిడ్ అనే తొడుగు మీద ఈ మందు పనిచేస్తుంది. ఆరు నెలలకోసారి చర్మం కింద వేస్తారు. "నూటికి నూరు శాతం రక్షణ" అన్న మాట బాగా ప్రచారమైంది. అసలు పరీక్షలో ఏం తేలిందో నిదానంగా చూద్దాం.

దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న యువతులు, 5,300 మందికి పైగా, 'పర్పస్-1' అనే క్లినికల్ ట్రయల్‌లో చేరారు. వాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు లెనకాపవిర్, మిగతా రెండింటికి రోజూ వేసుకునే రెండు రకాల మాత్రలు. అయితే ఇంజెక్షనూ మాత్రా అందరికీ ఇచ్చారు. రెండింట్లో ఒకటే అసలు మందు. ఏది అసలుదో వాళ్లకూ తెలియదు, వైద్యులకూ తెలియదు.

ఇంజెక్షన్ గుంపులో 2,134 మంది ఉంటే, ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. ట్రువాడా మాత్ర గుంపులో 1,068 మందికి గాను 16 మందికి, డెస్కోవీ గుంపులో 2,136 మందికి గాను 39 మందికి సోకింది.

మందు ఏమీ లేని గుంపును ఎందుకు పెట్టలేదు? పనిచేసే మాత్రలు చేతిలో ఉండగా, వేలమందిని రక్షణ లేకుండా వదిలేయడం అన్యాయం. అందుకే ట్రయల్‌లో చేరడానికి వచ్చిన వాళ్లందరికీ ముందు రక్తపరీక్ష చేసి, కొత్తగా సోకిన కేసులను బట్టి అక్కడి ముప్పును అంచనా వేశారు. వందమందిని ఏడాదిపాటు గమనిస్తే దాదాపు 2.4 మందికి సోకుతుందని తేలింది. సున్నాను పోల్చి చూసింది ముఖ్యంగా ఈ అంకెతోనే.

ఇక మాత్రలు ఓడిపోయాయని మాత్రం దయచేసి అనుకోకండి. ఈ మాట చెప్పడం నాకు చాలా ముఖ్యం. ట్రువాడా క్రమం తప్పకుండా వేసుకుంటే బాగా కాపాడుతుంది. కానీ కొందరి రక్తాన్ని పరీక్షిస్తే మందు జాడ తక్కువగా ఉంది, వారాలు గడిచేకొద్దీ ఇంకా తగ్గింది. ఇలాంటి నివారణ మాత్రల మీదే జరిగి, 2013లో ఫలితాలు వెల్లడైన 'వాయిస్' అనే మరో ట్రయల్‌లోనూ ఇదే జరిగింది. మాత్ర ఇచ్చిన మహిళల రక్త నమూనాల్లో మూడో వంతు కంటే తక్కువ వాటిలోనే మందు కనిపించింది. దాన్ని ఆ మహిళల నిర్లక్ష్యమనడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో మాత్రల డబ్బా కనబడితే చాలు, ఆరాలు మొదలవుతాయి. ఆరు నెలలకోసారి వేసే ఇంజెక్షన్‌కు ఆ బెడద లేదు.

సున్నా అంటే ఇక ఎవరికీ ఎప్పటికీ సోకదని కాదు. పురుషులు, ట్రాన్స్‌జెండర్లు పాల్గొన్న పర్పస్-2లో, ఇదే ఇంజెక్షన్ తీసుకున్న 2,179 మందిలో ఇద్దరికి సోకింది. వేసిన చోట గడ్డలు కట్టడం మామూలే. వేసే ప్రతిసారీ ముందుగా హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. సోకిన సంగతి తెలియక ఈ ఒక్క మందే వేస్తూ పోతే వైరస్ దానికి లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది.

2024 జూన్‌లో ఫలితాలను పరిశీలించిన స్వతంత్ర నిపుణుల కమిటీ, పర్పస్-1లో ఎవరు ఏ మందు తీసుకుంటున్నారన్న గోప్యతను ముందుగానే తొలగించమని సూచించింది. మాత్రల గుంపుల్లోని యువతులకు కూడా ఇంజెక్షన్ తీసుకునే అవకాశం ఇచ్చారు.