వృత్తి విద్య వైపు పిల్లలు మళ్లుతున్నారా?

(తెర మీద: వెల్డింగ్ గదిలో వరుసగా విద్యార్థులు, ముఖాలకు ముసుగులు)

ముందు ఒక లెక్క చూద్దాం. అమెరికాలో వృత్తి కోర్సులకు ప్రాధాన్యమిచ్చే కమ్యూనిటీ కాలేజీల్లో, అంటే ఎక్కువగా రెండేళ్ల కోర్సులు చెప్పే స్థానిక ప్రభుత్వ కాలేజీల్లో, 2023లో విద్యార్థుల సంఖ్య అంతకుముందు ఏడాది కంటే 16 శాతం పెరిగింది. నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ అనే సంస్థ 2018 నుంచి ఈ వివరాలు సేకరిస్తోంది. అప్పటి నుంచి ఇంతమంది చేరడం అదే మొదటిసారి. భవన నిర్మాణ పనులు నేర్చుకునేవారైతే ఏకంగా 23 శాతం పెరిగారు.

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ కాలేజీలు బాగా దెబ్బతిన్నాయి. పైపు అతకడం, ఇంజిన్ విప్పడం ఫోను తెర మీద నేర్పే విద్యలు కావు. అందువల్ల ఈ పెరుగుదలలో కొంత, అప్పట్లో పోయిన సంఖ్య మళ్లీ రావడమే. కానీ అది మాత్రమే అయితే కరోనా ముందటి స్థాయికి చేరి ఆగిపోవాలి. ఆగలేదు, దాటింది.

(తెర మీద: అప్పుల గ్రాఫ్)

కారణాల్లో మొదటిది అప్పు. అమెరికాలో విద్యా రుణాల మొత్తం 1.6 లక్షల కోట్ల డాలర్లు దాటింది. నాలుగేళ్లు చదివి, అప్పు నెత్తిన పెట్టుకుని, చదివిన చదువుకు సంబంధం లేని కొలువులో చేరిన అన్నలనూ అక్కలనూ చూస్తూ పెరిగిన తరం ఇది. ఇంకోవైపు అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు వయసు మీరి పని మానేస్తున్నారు. వాళ్ల చోటు భర్తీ చేసేవాళ్లు కావాలి. కంప్యూటరే రాసిపెట్టే పనుల కంటే గోడలో వైరింగ్ సరిచేసే పని నిలుస్తుందన్న ఆలోచన కూడా పిల్లల్లో బలపడుతోంది.

ఇంతకాలం ఎందుకు దూరంగా ఉన్నారు? చదువు అబ్బని పిల్లలను పంపే చోటుగా ఈ బడులను పెద్దలే మార్చారు. అమెరికాలో 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టం వృత్తి విద్యకు ప్రభుత్వ నిధులు తెచ్చింది. అయితే ఆ దారి మామూలు చదువు నుంచి విడిపోయింది. పేద కుటుంబాల పిల్లలను, నల్లజాతి పిల్లలను అందులోకి నెట్టడం పరిపాటి అయింది. తన బిడ్డను అటు పంపనని ఒక తల్లి మొండికేస్తే తప్పు పట్టలేం. ఆమె భయమల్లా ఒకటే: అటు వెళితే పైకి వెళ్లే మెట్లు ఉండవు.

(తెర మీద: స్విట్జర్లాండ్ పటం)

ఆ మెట్లు కట్టిన దేశం స్విట్జర్లాండ్. అక్కడ నిర్బంధ విద్య పూర్తిచేసిన పిల్లల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది వృత్తి శిక్షణనే ఎంచుకుంటారు. పదిహేను, పదహారేళ్లకే ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుని, వారంలో మూడు నాలుగు రోజులు పని, ఒకటి రెండు రోజులు బడి. నెలనెలా జీతం కూడా ఉంటుంది. ఇవన్నీ రెంచీ పట్టే పనులే అనుకోకండి. ఎక్కువమంది ఎంచుకునేది బ్యాంకుల్లో, కార్యాలయాల్లో చేసే వాణిజ్య ఉద్యోగ శిక్షణ. శిక్షణతో పాటు అదనపు పాఠ్యాంశాలు చదివి ప్రత్యేక పరీక్ష నెగ్గితే, అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయంలో, అంటే పనికి పనికొచ్చే చదువు చెప్పే విశ్వవిద్యాలయంలో, డిగ్రీకి చేరవచ్చు. ఈ వెసులుబాటు 1990లలో వచ్చింది. నా దృష్టిలో అక్కడి ఆసక్తికి అసలు ప్రాణం ఇదే.

వృత్తి శిక్షణకు మంచి పేరున్నంత మాత్రాన పిల్లలు రారనడానికి జర్మనీ సాక్ష్యం. అక్కడ కంపెనీలో పని చేస్తూ నేర్చుకునే కొత్త అప్రెంటిస్ ఒప్పందాలు 2007లో ఆరు లక్షలు దాటాయి. 2023లో ఐదు లక్షల లోపే. బడి ముగించే పిల్లల సంఖ్య తగ్గింది, విశ్వవిద్యాలయం వైపు మొగ్గు పెరిగింది. ఇటు కంపెనీల్లో శిక్షణ స్థానాలు ఖాళీగా మిగిలిపోతున్నాయి.

(తెర మీద: దగ్గరి నుంచి, వెల్డింగ్ చేసిన ఉక్కు పలక)

ఆసక్తి ఉన్నచోట సీట్లు దొరకకపోవడం మరో చిక్కు. వెల్డింగ్ తరగతినే చూడండి. విద్యార్థి రెండు ఉక్కు పలకలను అతుకుతాడు. పైకి అతుకు నున్నగా, అందంగా కనిపిస్తుంది. బోధకుడు దానికి అడ్డంగా ఒక పట్టీ కోసి, యంత్రంలో పెట్టి గుర్రపు నాడాలా వంచుతాడు. లోపల గాలి బుడగో, సరిగ్గా కరగని చోటో ఉంటే వంపు మీద పగులు తేలుతుంది. ఎక్కడ చెయ్యి వణికిందో, ఎక్కడ తొందరపడ్డాడో పక్కన నిలబడి చూసిన బోధకుడే చెప్పగలడు. అరవై మందిని ఒక్కరు అలా చూడలేరు. ఒక్కొక్కరికీ వెల్డింగ్ గది, పొగ లాగే గొట్టం, సాధన చేయడానికి ఉక్కు కావాలి. పైగా ఆ బోధకుడికి బయట పనిలో ఇంతకంటే ఎక్కువ సంపాదన ఉంటుంది. అందుకే ఉపన్యాస గదిలో మరో పది కుర్చీలు వేసినట్టు ఇక్కడ సీట్లు పెంచడం కుదరదు.

కాబట్టి చేరే ముందు వర్క్‌షాప్ చూపించమని అడగండి. ఒక్కో యంత్రానికి ఎంతమంది? చేరినవారిలో ఎంతమంది కోర్సు పూర్తిచేశారు? పూర్తిచేసినవారిలో అదే పనిలో ఎంతమంది ఉన్నారు? చేరికల సంఖ్య మాత్రమే చెప్పి ఈ మూడూ దాటవేస్తే అనుమానించండి. ఇచ్చే సర్టిఫికెట్‌తో రేపు డిప్లొమాలోనో డిగ్రీలోనో చేరవచ్చా, లేక మళ్లీ మొదటి నుంచి చదవాలా అన్నది కూడా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.