మామత్ కేవ్‌కి వెళ్తున్నారా? ముందు టూర్ సంగతి తేల్చుకోండి

నమస్తే అండీ. హోటల్ బుక్ చేసేశాం, గుహ టికెట్లు అక్కడికెళ్లాక తీసుకుందాం అనుకుంటున్నారా? అయితే కాసేపు ఆగండి. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని మామత్ కేవ్ నేషనల్ పార్క్‌కి వెళ్లాలంటే ముందు టూర్ టికెట్, ఆ తర్వాతే హోటల్.

పార్క్‌లోకి వెళ్లడానికి ఎంట్రీ ఫీజు లేదు. దాంతో గుహ కూడా ఫ్రీనే అనుకుని వచ్చేస్తారు చాలామంది. లోపలికి అడుగు పెట్టాలంటే మాత్రం టూర్ టికెట్ ఉండాల్సిందే. ఇదిగో, స్క్రీన్ మీద చూడండి, ఇది రిక్రియేషన్ డాట్ గవ్, టికెట్లు బుక్ చేసుకునే ప్రభుత్వ సైట్. ఇక్కడ తేదీ పెడితే ఆ రోజున్న టూర్లన్నీ వస్తాయి. వేసవి సెలవుల్లో, వీకెండ్లలో టికెట్లు ముందే అయిపోతాయి.

ఇప్పుడు అసలు తలనొప్పి: ఏ టూర్? ఇప్పటిదాకా 420 మైళ్లకు పైగా కొలిచిన గుహ ఇది, ప్రపంచంలో ఇంతకన్నా పొడవైనది ఇంకొకటి తెలీదు. ఒక్కో టూర్‌లో అందులో చిన్న ముక్క మాత్రమే చూస్తాం. పేరు బాగుందని ఎంచుకుంటే ఇబ్బంది పడతారు. మేము మొదటిసారి అదే చేశాం. 'డోమ్స్ అండ్ డ్రిప్‌స్టోన్స్' తీసుకున్నాం, నడక ముప్పావు మైలే కదా అని. మొదట్లోనే దాదాపు 280 మెట్లు దిగాలి, మొత్తం 500. అమ్మ మోకాళ్ల సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది! అందుకే మైళ్లు కాదు, మెట్లు చూడండి.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే 'ఫ్రోజెన్ నయాగరా' హాయి. నడక పావు మైలు, మెట్లు తక్కువ. పైకప్పు నుంచి ఊడల్లా వేలాడే రాళ్లు, గడ్డకట్టిన జలపాతంలాంటి రాతి గోడ, అన్నీ అక్కడే ఉన్నాయి. 'హిస్టారిక్' టూర్‌లో అవి దాదాపు కనిపించవు. ఎందుకంటే ఆ భాగం మీద ఇసుకరాయి పొర గొడుగులా కప్పి ఉంటుంది, నీళ్లు కిందికి దిగవు. నీటి చుక్క పడని చోట ఊడలు పెరగవు కదా. అయినా నాకు ఎక్కువ నచ్చింది ఈ హిస్టారిక్ టూరే. అమెరికా, బ్రిటన్ మధ్య జరిగిన 1812 యుద్ధం రోజుల్లో తుపాకీ మందుకి కావాల్సిన సురేకారం తీసిన చెక్క తొట్లు ఇంకా అక్కడే ఉన్నాయి. 1838లో బానిసగా ఇక్కడికి తీసుకొచ్చిన స్టీఫెన్ బిషప్, ఎవరూ చూడని దారులెన్నో కనిపెట్టి గొప్ప గైడ్‌గా పేరు తెచ్చుకున్నాడు. కాకపోతే రెండు మైళ్ల నడక, 540 మెట్లు, ఒకచోట ఒళ్లు దగ్గరికి తీసుకుని, వంగి దూరాల్సిన సందు. ఇరుకు చోట్లంటే భయం ఉంటే దీని జోలికి వెళ్లకండి.

బట్టల విషయానికొస్తే, లోపల 54 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 12. జులైలో బయట చెమటలు కక్కుతూ వచ్చినవాళ్లకి మొదటి అయిదు నిమిషాలు ఏసీలా ఉంటుంది, తర్వాత చలి మొదలవుతుంది. పల్చటి జాకెట్ చాలు. బూట్లు జారనివి వేసుకోండి. ఒక మాట, వేరే గుహలో వాడిన బూట్లు, బట్టలు ఇక్కడికి తేవద్దు. గబ్బిలాలను చంపే ఒక ఫంగస్ ఉంది, మన బూట్లు, బట్టలు కూడా దాన్ని మోసుకెళ్లగలవు. టూర్ అయ్యాక అందుకే సబ్బునీళ్ల చాపల మీద నడిపిస్తారు.

స్ట్రోలర్ కుదరదు. పిల్లల్ని వీపు మీద మోసే ఫ్రేమ్ బ్యాగులు కూడా కుదరవు, పైకప్పు తక్కువగా ఉన్నచోట పాప తలకి తగులుతుంది. ఫోటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ లేకుండా.

చివరిగా, గడియారం. కెంటకీలోనే ఉన్న లూయివిల్ నగరం ఈస్టర్న్ టైమ్‌లో ఉంటుంది, పార్క్ సెంట్రల్ టైమ్‌లో, అంటే ఒక గంట వెనక. టికెట్ మీద ఉండేది పార్క్ టైమే. పార్క్‌లో సిగ్నల్ సరిగ్గా ఉండదు, ఫోన్‌లో టైమ్ దానంతటదే మారుతుందని ధీమాగా ఉండకండి. టికెట్ కూడా ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. లూయివిల్ నుంచి వచ్చేటప్పుడు ఒక గంట కలిసొస్తుంది. అదే రోజు సాయంత్రం అక్కడ ఫ్లైట్ ఉంటే మాత్రం, ఆ గంట తిరిగి పోతుందని లెక్కేసుకుని బయల్దేరండి.