వూడూ3కి ఫ్యాన్ కట్టాలా, హీట్‌సింక్ మార్చాలా? | పాత గ్రాఫిక్స్ కార్డుల కూలింగ్ రివ్యూ

నమస్కారం అండీ. ఇవాళ టేబుల్ మీద ఉన్నది త్రీడీఎఫ్ఎక్స్ వాళ్ల వూడూ3 3000, ఏజీపీ (ఆ కాలంలో గ్రాఫిక్స్ కార్డుల కోసం మదర్‌బోర్డు మీద ఉండే స్లాట్) కార్డు. 1999 నాటిది. 166 మెగాహెర్ట్జ్ చిప్, 16 ఎంబీ మెమరీ. ఇందులో గేమ్స్ ఎలా ఆడతాయో చాలా వీడియోల్లో చూసే ఉంటారు, దాని జోలికి నేను పోను. దీని వేడిని ఎలా తగ్గించాలి, అందుకు మనవాళ్లు కార్డుకి చేసే మార్పుల్లో, అంటే మోడ్‌లలో, ఏది మంచిది, ఏది కార్డు ప్రాణం తీస్తుంది అన్నదే ఈ రివ్యూ.

ముందు వేడి సంగతి. దీనికి ఫ్యాన్ లేదు. చిప్ మీద అల్యూమినియం హీట్‌సింక్‌ను, అంటే చిప్ వేడిని లాగి గాలికి వదిలే లోహపు దిమ్మను, గ్లూతో అతికించి వదిలేశారు. గేమ్ కాసేపు నడిచాక దాని మీద వేలు పెడితే ఆన్చి ఉంచలేం. పైగా టవర్ కేసులో ఏజీపీ కార్డు పెట్టినప్పుడు చిప్ కింది వైపుకి ఉంటుంది, గమనించారా? వేడి గాలి పైకి పోవాలి, పైన అడ్డంగా కార్డే ఉంది. కింద పీసీఐ స్లాట్‌లో సౌండ్ కార్డు కూడా ఉంటే గాలి ఆడే సందే ఉండదు.

ఇంకో మాట. త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ ఆస్తులను 2000 డిసెంబర్‌లో ఎన్‌విడియా కొనేసింది. ఈ చిప్ మళ్లీ ఎవరూ తయారు చెయ్యరు. అందుకే ఏ మోడ్‌నైనా నేను మొదట అడిగేది ఒకటే: రేపు దీన్ని తీసేస్తే కార్డు మళ్లీ ఉన్నది ఉన్నట్టు ఉంటుందా?

ఈ ప్రశ్న దగ్గరే పాత హీట్‌సింక్ పీకి కొత్తది అతికించే పద్ధతి ఫెయిల్ అవుతుంది. కార్డును ఫ్రీజర్‌లో పెట్టి గ్లూ పెళుసు చేస్తారు, తర్వాత హీట్‌సింక్‌ను మెలితిప్పి ఊడదీస్తారు. కొందరికి చక్కగా వస్తుంది, కాదనను. కానీ చిప్ బోర్డు మీద నిలబడింది అడుగున ఉన్న సన్నటి సోల్డర్ బాల్స్ (టంకం గుండ్లు) మీద. గ్లూ పట్టు వాటికంటే గట్టిదైతే హీట్‌సింక్‌తో పాటు చిప్పే లేస్తుంది. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే మరీ ప్రమాదం, బోర్డు మీది రాగి ప్యాడ్లు కూడా ఊడొస్తాయి. అప్పుడు అసలుకే ఎసరు.

మరి గ్లూ పాతబడి పనిచెయ్యకపోతే? అది తెలుసుకోవడం సులువే. కార్డు బాగా పని చేస్తున్నప్పుడు హీట్‌సింక్ చెయ్యి కాల్చేంత వేడిగా ఉందంటే చిప్ వేడి దాంట్లోకి వస్తోందనే అర్థం. గ్లూ బాగుంది, దాన్ని ముట్టుకోవద్దు. తెర మీద చుక్కలు, గీతలు వస్తూ, హీట్‌సింక్ మాత్రం గోరువెచ్చగా ఉంటే అప్పుడు గ్లూని అనుమానించండి. ఊడదీసే అవసరం వస్తే గిస్తే అప్పుడే.

నేను ఓటేసేది ఫ్యాన్‌కి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? హీట్‌సింక్‌ను కదపకుండా దాని మీద 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ పెడితే చాలు. మందం 10 మిల్లీమీటర్లు ఉన్నది తీసుకోండి, అంతకంటే లావైతే పక్క స్లాట్ పూర్తిగా పోతుంది. కెమెరా దగ్గరికి తెస్తున్నా, ఇక్కడ చూడండి. ఈ సన్న స్క్రూ హీట్‌సింక్ మీది రెండు ఫిన్స్ (పలచటి రెక్కలు) మధ్య సందులోకి దిగుతోంది. అల్యూమినియం మెత్తన కాబట్టి మర తనే చేసుకుంటుంది. రెండు మూలల్లో బిగిస్తే చాలు, నాలుగూ అక్కర్లేదు. స్క్రూ పొడవు ముందే కొలవండి, కొన హీట్‌సింక్ అడుగుకి తగిలితే మీరు తిప్పే కొద్దీ గ్లూ మీద లాగుడు పడుతుంది. స్క్రూ వల్ల పడే ఆ చిన్న గీత కూడా వద్దనుకునేవాళ్లు సన్నటి నైలాన్ టైలు ఫిన్స్ మధ్య నుంచి దూర్చి ఫ్యాన్‌ను కట్టొచ్చు. నిజం చెప్పాలంటే నాకు టై పద్ధతే ఎక్కువ ఇష్టం, కత్తిరిస్తే ఆనవాలు మిగలదు.

కరెంటు పవర్ సప్లై నుంచి వచ్చే మోలెక్స్ వైరులోంచి తీసుకోండి. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నలుపు గ్రౌండ్. 12 వోల్టుల ఫ్యాన్‌ను 5 మీద నడిపితే చప్పుడు బాగా తగ్గుతుంది, అయితే కొన్ని ఫ్యాన్లు 5 మీద కదలవు. అది కేసు మూసే ముందే చూసుకోవాలి. పసుపుకీ ఎరుపుకీ మధ్య కలిపి 7 వోల్టులు రాబట్టే చిట్కా ఒకటుంది, దయచేసి అది చెయ్యకండి. ఫ్యాన్ షార్ట్ అయిందంటే 12 వోల్టులు నేరుగా 5 లైన్‌లోకి పోతాయి.

వేడి తగ్గిందో లేదో కొలవాలి కదా. ఈ కాలపు కార్డుల్లాగా సాఫ్ట్‌వేర్‌లో టెంపరేచర్ చూసుకునే వీలు దీనికి లేదు. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిచేవాళ్లకి ఒక హెచ్చరిక: మెరిసే అల్యూమినియం మీద అది ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఒక నల్ల టేపు ముక్క అతికించి, దాని మీద కొలవండి. ఫ్యాన్ పెట్టకముందూ పెట్టాకా అదే చోట కొలిస్తేనే పోలికకు అర్థం ఉంటుంది. ఇంకొకటి, గాలి తగిలేది చిప్ ఒక్కదానికే కాదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఇంజినీర్ల మోటు లెక్క. ఫ్యాన్ గాలి పక్కనున్న కెపాసిటర్లనూ తాకుతుంది. ఈ మోడ్‌లో నాకు బాగా నచ్చింది ఇదే.

మెమరీ చిప్స్ మీద చిన్న చిన్న హీట్‌సింకులు అతికించడం మాత్రం ఈ కార్డుకి దండగ. చిప్స్ తలకిందులుగా ఉంటాయి, టేపు వదిలితే ఆ లోహపు ముక్క కింది కార్డు మీద పడుతుంది. ఇక చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య కొందరు రాసే లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) ఊసే వద్దు, అందులోని గాలియం అల్యూమినియంను తినేస్తుంది.

2002 నాటి రేడియన్ 9700 ప్రో లాంటి కార్డుల కథ వేరు. అక్కడ కూలర్ ఊడదీసి బిగించేలా ఉంటుంది కాబట్టి చిప్‌కీ కూలర్‌కీ మధ్య వేడిని దాటించే పాత పేస్ట్ తుడిచి కొత్తది రాయొచ్చు, ఫ్యాన్ అరిగితే మార్చొచ్చు. చిప్ లోపలి సిలికాన్ పలక పైకే కనిపిస్తుంది, ఒక పక్కే బిగిస్తే మూల చిట్లుతుంది. ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించాలి. కొన్ని కార్డుల్లో చిప్ చుట్టూ ఉన్న లోహపు ఫ్రేమ్ చిప్ కంటే ఎత్తుగా ఉండి హీట్‌సింక్‌ను ఆనకుండా ఆపుతుంది. పేస్ట్ ముద్ర చిప్ మీద సరిగా పడిందో లేదో ఒకసారి తీసి చూడండి. 2003 నాటి జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా చప్పుడు భరించలేక కూలర్ మార్చేవాళ్లకి నా మనవి, అసలు కూలర్ స్క్రూలతో సహా దాచండి. ఆ కార్డుకి పేరొచ్చిందే దానివల్ల.

నా తీర్పు: వూడూ3కి నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ ఒక్కటి చాలు, పదికి తొమ్మిది ఇస్తాను. ఒక మార్కు తగ్గించింది పక్క స్లాట్ ఇరుకైనందుకు. 1998 నాటి వూడూ2 ఉన్నవాళ్లకైతే ఇంకా తేలిక. మూడు పెద్ద చిప్స్, దేని మీదా హీట్‌సింక్ ఉండదు, ఏదీ అతికించనక్కర్లేదు. కార్డు అంచుకి ఎదురుగా 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ నిలబెట్టి గాలి పక్క నుంచి తోలండి. ఎస్ఎల్ఐలో, అంటే రెండు వూడూ2 కార్డులను జతచేసి ఒకటిగా, నడిపేవాళ్లు ఆ ఫ్యాన్‌ను సరిగ్గా రెండింటి మధ్య సందుకి ఎదురుగా పెట్టాలి, గాలి అందనిది అక్కడే.